రాసేవారి రంది, బుగులు, అనుమానం: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో ఒక మిత్రుడి ఇంటి డాబా మీద నెలకొకసారి కూర్చొని, రాసినవి ఒకరికొకరు చదివి వినిపించుకునే చిన్న గుంపు మాది. ఇందులో కాలేజీ పిల్లలున్నారు, బడి పంతుళ్లున్నారు, సింగరేణిలో పనిచేసి రిటైరైనవారున్నారు, పిల్లలు నిద్రపోయాక వంటింట్లో కూర్చొని కథ రాసుకునే గృహిణులున్నారు. ఇన్నేళ్లలో కథ ఎట్లా రాయాలని అడిగినవారికన్నా, చదవడం ముగిశాక మెట్ల దగ్గర ఆగి, గొంతు తగ్గించి, తమ భయం గురించి అడిగినవారే ఎక్కువ. ఆ మెట్ల దగ్గరి ప్రశ్నలను, నేను చెప్పిన జవాబులను, చెప్పిన తర్వాత ఇంకా బాగా చెప్పి ఉండవలసిందని తోచిన మాటలను ఇక్కడ రాస్తున్నాను. నేను కథలు రాసే మనిషిని, వైద్యుణ్ని కాను. వైద్యుడి దగ్గరికి వెళ్లవలసిన సందర్భాలు ఏవో విడిగా చెప్పాను.

నాకున్నది మామూలు దిగులా, జబ్బా? ఎట్లా తెలుస్తుంది?

మన వైపు మాటలలోనే దీనికి కొంత జవాబు ఉంది. రంది అంటే లోపల ఎడతెగకుండా తొలిచే చింత. బుగులు అంటే జరగబోయేదాన్ని తలచుకొని పుట్టే భయం. గాబరా అంటే ఒంటికి ఎక్కిన కంగారు. పోటీకి కథ పంపి ఫలితం కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నప్పుడు ఉండేది రంది. వచ్చే ఆదివారం పదిమందిలో చదవాలని తెలిసినప్పటి నుంచి మొదలయ్యేది బుగులు. మైకు ముందు నిలబడగానే నోరు ఎండి అక్షరాలు అలుక్కుపోతే అది గాబరా. ఈ మూడింటినీ కలిపి ‘టెన్షన్’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకోవడం వల్ల, ఒకదానికి చేయవలసిన ఉపాయం ఇంకొకదానికి చేస్తూ తిప్పలు పడుతున్నాం. రంది పట్టినవారికి మరొక పనిలో పడటం, వీలైతే మరొక కథ మొదలుపెట్టడం ఊరటనిస్తుంది. బుగులుకు ముందస్తు సాధన కావాలి. గాబరా ఎక్కినవారికి ఎవరు ఏం చెప్పినా చెవికెక్కదు, అప్పుడు ఊపిరితోనే పని.

రాసే మనిషికి ఈ మూడూ అప్పుడప్పుడూ రావడం జబ్బు కాదు. వైద్యులు చూసే కొలత వేరు. ఆందోళన 6 నెలలకు తగ్గకుండా, ఎక్కువ రోజులు, అదుపు చేసుకోలేనంతగా ఉండి, దానితోపాటు నిద్ర చెడటం, త్వరగా అలసిపోవడం, చిరాకు, మెడా భుజాలూ బిగుసుకుపోవడం, మనసు ఒకచోట నిలవకపోవడం వంటివి కూడి, ఇంటి పనికీ ఉద్యోగానికీ అడ్డుపడుతుంటే దాన్ని రుగ్మతగా పరిగణిస్తారు. జి.ఎ.డి.–7 అనే ఏడు ప్రశ్నల పట్టిక ఒకటి వాడుకలో ఉంది. గడిచిన 2 వారాలలో ఏ ఇబ్బంది ఎన్ని రోజులు ఉన్నదో అందులో గుర్తుపెట్టాలి. 0 నుంచి 21 దాకా వచ్చే మార్కులలో 10 గానీ అంతకు మించి గానీ వస్తే వైద్యుణ్ని కలవడం మంచిది. అది వడపోత పట్టిక, జబ్బును నిర్ధారించేది వైద్యుడే. దానికి ముందు నేను అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది: రాయని వేళల్లో కూడా ఇదే గుబులు ఉందా? బియ్యం కడుగుతున్నప్పుడూ, బస్సులో కూర్చున్నప్పుడూ, పిల్లవాడు బడి నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినప్పుడూ అంతే తీవ్రంగా ఉంటే, ఆ గుబులు మీ కథ వల్ల వచ్చినది కాదు. కథను ఎన్నిసార్లు తిరగరాసినా అది తగ్గదు.

రాయడానికి కూర్చోగానే గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి. ఆ క్షణంలో ఏం చేయాలి?

ముందుగా, ఇది మొదటిసారి అయితే, ఛాతీలో నొప్పి గానీ కళ్లు తిరగడం గానీ ఉంటే, మనసు సంగతి తర్వాత చూసుకోవచ్చు. వైద్యుడికి చూపించుకొని ఇ.సి.జి. తీయించుకోవాలి. గుండెకు ఏమీ లేదని తేలిన తర్వాత, మళ్లీ వచ్చినప్పుడు ఇది ఒంటి సహజమైన హెచ్చరిక అని గుర్తు తెచ్చుకోవచ్చు. ప్రమాదం ఉందనుకున్న శరీరం అడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తం పెద్ద కండరాల వైపు మళ్లడంతో వేళ్లు చల్లబడతాయి, ఊపిరి పైపైన ఆడటంతో తల తేలిపోతున్నట్టు ఉంటుంది. ఎదురుగా ఉన్నది తెల్లకాగితమే అయినా శరీరానికి ఆ తేడా తెలియదు. ఈ పొంగు కొద్ది నిమిషాలలో పతాక స్థాయికి చేరి, తర్వాత దానంతట అదే దిగుతుంది.

దిగేదాకా చేయవలసినది స్వల్పం. కాళ్లు నేలకు ఆనించి కూర్చోండి. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలండి; పీల్చడంకన్నా వదలడం పొడుగ్గా ఉండాలి. ఇట్లా ఐదు నిమిషాలు చేయండి. ఆ తర్వాతి మాటను చాలామంది వదిలేస్తారు: ఆ పూటకే తిరిగి కాగితం దగ్గరికి వచ్చి, పట్టుమని రెండు వాక్యాలైనా రాసి లేవండి. దడ వచ్చిన ప్రతిసారీ కాగితం మూసేస్తే, మూసేయడమే తనను కాపాడిందని మనసు నేర్చుకుంటుంది, మరునాడు దడ ఇంకాస్త ముందుగానే మొదలవుతుంది. రెండు వాక్యాలు బాగుండనక్కరలేదు. ఇంట్లో కనిపిస్తున్న వస్తువుల పేర్లు రాసినా సరిపోతుంది.

నాకు అసలు రాయడం వచ్చా అనే అనుమానం వదలడం లేదు. దాన్ని ఎట్లా పోగొట్టుకోవాలి?

పూర్తిగా పోగొట్టుకోవద్దన్నది నా జవాబు. విన్నవారు నిరుత్సాహపడతారు కాబట్టి వివరంగా చెబుతాను. రాసేవారికి వచ్చే అనుమానం కొన్నిసార్లు వాక్యం మీద పడుతుంది, కొన్నిసార్లు మనిషి మీద పడుతుంది. రెండూ ఒకే గొంతుతో మాట్లాడతాయి కాబట్టి వాటిని విడదీయడం కష్టం.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన ఒక ఆడమనిషి గురించి మా గుంపులో ఒక అమ్మాయి కథ రాసింది. అడ్తిదారు ధర చెప్పగానే ‘ఆమె ఎంతో బాధపడింది’ అని రాసి, అక్కడ నెల రోజులు ఆగిపోయింది. ‘నాకు రాసుడు రాదు సార్’ అన్నది. ఏది రాలేదో చూపించమంటే, చాలాసేపు కాగితాలు తిప్పి, చివరికి ఆ వాక్యం మీద వేలు పెట్టింది. బాధపడినప్పుడు ఆ మనిషి ఏం చేసి ఉంటుందని అడిగాను. ‘బస్తాలు మళ్ల లెక్కవెట్టుకుంటది సార్, ఎన్నున్నయో తెలిసినా’ అన్నది. బాధపడింది అన్న మాట కొట్టేసి ఆ సంగతి రాసుకున్నది, కథ ముందుకు కదిలింది. నెల రోజులు ఆ పిల్ల తన మీద తాను వేసుకున్న నింద అంతా మూడు పదాల వాక్యానికి చెందినది.

అందుకే మా గుంపులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. నోటుపుస్తకంలో ఒక పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు అనుమానాన్ని అది వచ్చిన మాటలలోనే రాయాలి. కుడివైపు అది ఏ పేజీకి, ఏ పేరాకు సంబంధించినదో రాయాలి. ‘మూడో పేజీలో తల్లి మాట్లాడిన తీరు చదువుకున్న మనిషి మాటలా ఉంది’ అన్నది పనికివచ్చే అనుమానం. దానితో కూర్చొని పని చేయవచ్చు, పని పూర్తికాగానే అది లేచిపోతుంది. ‘నేను రచయితను కాను’ అన్నదానికి కుడివైపు రాయడానికి ఏమీ దొరకదు. అది అబద్ధమని నేను అనను. దాన్ని ఏ పేజీలో దిద్దాలో తెలియదు కాబట్టి దిద్దడం సాధ్యం కాదని అంటాను. మిర్చి కల్లంలో తాలు కాయలు ఏరేవారి చేయి కుప్పలోకి పోతుంది, ఒక్కొక్క తాలు కాయనే పట్టి పక్కన పడేస్తుంది. కుప్ప మొత్తం పనికిరాదేమోనని ఆలోచిస్తూ కూర్చుంటే తాలు ఏరబడదు, కాయ ఎండకు రంగు పోతుంది.

కుడివైపు ఖాళీగా మిగిలిన అనుమానాలను మళ్లీ చదివితే, వాటిలో చాలా వరకు ఎవరో ఒకరి గొంతు వినిపిస్తుంది. ‘గీ రాతలతోని కడుపు నిండుతదా బిడ్డా’ అన్నది బాపు మాట కావచ్చు, తొమ్మిదో తరగతిలో వ్యాసం చదివి నవ్విన పంతులు మాట కావచ్చు. ఎవరి మాటో పక్కన రాసిపెట్టుకోండి. బాపు ప్రశ్నకు నిజాయితీ గల జవాబు ఒకటే: నిండదు. తెలుగులో కథలూ కవితలూ రాసి ఇల్లు నడిపినవారు బహు అరుదు, ఎక్కువమంది రచయితలు ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూనే రాశారు. జీతం గురించిన భయాన్ని ప్రతిభ గురించిన అనుమానంగా పొరపడి బాధపడుతున్నవారికి నేను ముందు ఉద్యోగం వెతుక్కోమనే చెబుతాను, ఈ సలహాకు ఇప్పటిదాకా ఎవరూ నాతో తగవు పడలేదు.

మా ఇంటి భాషలో రాస్తే కథ అంటారా? పుస్తకాల భాషలో రాయబోతే చేయి ఆగిపోతున్నది.

వరంగల్‌లో, కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో రాసేవారి భయాలలో అన్నిటికన్నా పాతది ఇదే అని నా అభిప్రాయం. ఇది ఒక్క మనిషిలో పుట్టినది కాదు, దీనికి చరిత్ర ఉంది. నిజాం ఏలుబడిలో పైచదువులు ఉర్దూలో సాగాయి; 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే జరిగింది. తెలుగు చదువుకోవడానికి జనం గ్రంథాలయాలు పెట్టుకోవలసి వచ్చింది. హనుమకొండలోని రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో అట్లా పుట్టింది. ఆ కాలంలో తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి వినబడితే, సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవుల రచనలను కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. ఒక ప్రాంతం మొత్తానికి ‘మీకు రాయడం రాదు’ అని చెబితే, వాదన పెట్టుకోకుండా పేర్లూ పద్యాలూ లెక్కగట్టి చూపించిన పద్ధతి అది. తర్వాతి కాలంలో పాఠ్యపుస్తకాల తెలుగూ పత్రికల తెలుగూ ఎక్కువగా కోస్తా జిల్లాల వాడుక మీద నిలబడటంతో, ‘వచ్చిండు’ అని ఇంట్లో అని ‘వచ్చాడు’ అని బడిలో రాసిన తరాలు పెరిగాయి. మనం పలికే మాటకూ రాసే మాటకూ మధ్య ఒక కాపలావాడు నిలబడినట్టు ఉంటుంది, ప్రతి వాక్యానికీ అతని అనుమతి కావాలి. చేయి ఆగిపోయేది అక్కడే.

మడికొండలో పెరిగిన కాళోజీ నారాయణరావు గారు బడిపలుకుల భాష వద్దు, పలుకుబడుల భాష కావాలని జీవితమంతా వాదించారు, అదే భాషలో రాశారు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబర్ 9ని ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అంతకు ఏడు వందల ఏళ్ల ముందు పాల్కురికి సోమనాథుడు జనం పలికే జానుతెనుగును, రెండేసి పాదాలతో పాడుకోవడానికి వీలైన ద్విపదను ఎంచుకున్నది కూడా మామూలు జనానికి అందాలనే. ఆయన ఊరు పాలకుర్తి మనకు బస్సు దూరంలోనే ఉన్నది.

అయితే పెద్దవారి పేర్లు చెప్పుకున్నంత మాత్రాన చేయి కదలదు కాబట్టి పని గురించి చెబుతాను. మొదటి ప్రతి పూర్తిగా మీ ఇంటి మాటలలోనే రాయండి, అవ్వకు చెబుతున్నట్టు రాయండి. రెండో ప్రతిలో కథ చెప్పే గొంతు ఎవరిదో తేల్చుకోండి. పాత్రే తన కథ చెప్పుకుంటుంటే ఆసాంతం ఆ భాషే ఉండవచ్చు. బయటి గొంతు చెబుతుంటే కథనం ఒక తీరుగా, సంభాషణ ఒక తీరుగా ఉండవచ్చు. ఏదైనా నియమం పెట్టుకున్నాక మధ్యలో మార్చవద్దు. పాఠకుడు యాసను క్షమిస్తాడా అని భయపడనక్కరలేదు, ఒకే మనిషి ఒక పేజీలో ‘పోయిండు’ అని, మరొక పేజీలో ‘వెళ్లాడు’ అని అంటే మాత్రం పట్టుకుంటాడు. జనగామ మాటా మంథని మాటా ఒకటి కావు. మీ ఊరి మాటనే రాయండి, అందరికీ కలిపి తయారుచేసిన ‘తెలంగాణ యాస’ సినిమాలకు సరిపోతుంది.

ఈ మధ్య దీనికి తిరగబడ్డ భయం కూడా చూస్తున్నాను. పట్నంలో ఇంగ్లిష్ మీడియం చదివిన పిల్లలు తమ యాస చాలినంత చిక్కగా లేదని దిగులుపడి, నాయనమ్మను అడిగి మాటలు తెచ్చి కథలో పోస్తున్నారు. మీరు మాట్లాడేదే మీ భాష, ఇంగ్లిష్ కలిసినా సరే. అది కూడా ఇప్పుడు హనుమకొండలో వినిపించే తెలుగే.

వారాల తరబడి ఒక్క వాక్యమూ కదలడం లేదు. ఏం చేయాలి?

బమ్మెర పోతన గురించి మన వైపు చెప్పుకునే కథ అందరికీ తెలిసినదే. గజేంద్రమోక్షంలో వైకుంఠాన్ని వర్ణించబోయి, ‘అల వైకుంఠపురంబులో’ అని ఎత్తుకొని, తాను చూడని చోటును ఎట్లా చెప్పాలో తోచక ఆగిపోయాడట. ఆయన లేచి బయటికి వెళ్లినప్పుడు రాముడే ఆయన రూపంలో వచ్చి పద్యం పూర్తిచేసి పోయాడట. భక్తులు రాముడు వచ్చిన సంగతిని గట్టిగా చెబుతారు. రాసేవారు మాత్రం పోతన తాటాకు దగ్గర నుంచి లేచి వెళ్లిన సంగతిని గమనించాలి. ఆగిపోయినచోట తల పట్టుకొని రాత్రంతా కూర్చున్నట్టు ఏ కథలోనూ లేదు. అదే పోతన, భాగవతాన్ని తెలిసి పలకడం శివుడికైనా బ్రహ్మకైనా కష్టమే, పెద్దల వల్ల విన్నంత, కన్నంత, తనకు తెలిసినంత చెబుతానని ముందే అనుకొని మొదలుపెట్టాడు. తెలిసినంత చెప్పడమన్నది చిన్న కొలతలా కనిపిస్తుంది గానీ, దానితో ఆయన చేసిన పని ఎంతో మనకు తెలుసు.

కాబట్టి లేవండి. భద్రకాళి చెరువు కట్ట మీద నడవండి, కాజీపేట స్టేషన్‌లో కూర్చొని వచ్చేపోయేవారి సంచులు చూడండి. రోజుకు ఇంత అని పెట్టుకున్న కొలతను సగానికి తగ్గించండి, అదీ కాకపోతే మళ్లీ సగానికి తగ్గించండి. మొదటి పేరా దగ్గరే ఆగినవారు కథ మధ్యలోని ఏదో ఒక సంఘటన ముందు రాసుకోవచ్చు. కాగితం మీద కుదరనివారు ఫోన్‌లో నోటితో చెప్పి రికార్డు చేసుకొని, తర్వాత విని రాసుకోవచ్చు. మా గుంపులో సింగరేణి పెద్దాయన ఒకరు తన కథలన్నీ అట్లాగే రాశారు. ఒకవేళ రాయడమే కాక తినడం, మాట్లాడటం, ఇష్టమైన పనులు చేయడం కూడా 2 వారాలకు మించి ఆగిపోయి ఉంటే, అది కథ ఆగిపోవడం కాదు. కుంగుబాటు కావచ్చు, వైద్యుణ్ని కలవాలి.

పత్రిక నా కథను వేసుకోలేదు. అసలు జవాబే రాలేదు.

జవాబు రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం చదివేవారి కొరతే. నేను రాయడం మొదలుపెట్టిన రోజులలో స్టాంపులు అతికించిన కవరు జతచేసి పంపితే కథ తిరిగి వచ్చేది. పోస్ట్‌మన్ మందపాటి కవరు పట్టుకొని వీధి మలుపు తిరగగానే వాడకట్టంతా తెలిసిపోయేది. ఇప్పుడు అంతా మెయిల్‌లోనే నిశ్శబ్దంగా పోతున్నది, ఆ నిశ్శబ్దాన్ని మనం మన మీద తీర్పుగా చదువుకుంటున్నాం. పత్రిక చెప్పిన గడువు, గడువు చెప్పకపోతే మూడు నెలలు ఆగి, మర్యాదగా ఒక ఉత్తరం రాసి, కథను మరెక్కడికీ పంపలేదని హామీపత్రం ఇచ్చిన సంగతి మరవకుండా ఆ కథను వెనక్కు తీసుకుంటున్నట్టు తెలిపి, మరొకచోటికి పంపండి. ఒకటి బయట ఉన్నప్పుడు ఇంకొకటి బల్ల మీద ఉండాలి. ఒక్క కథే ఉన్నవారికి ఎదురుచూపు నరకం.

తోటివారికి అవార్డులు వస్తున్నాయి, ఫేస్‌బుక్ నిండా శాలువాలే కనిపిస్తున్నాయి. తట్టుకోలేకపోతున్నాను.

రాసే గంటలో ఫోన్‌ను వేరే గదిలో పెట్టండి. అసూయ అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. శాలువా కప్పించుకున్నవారికి ఎక్కువ ఉంటుందని కూడా దగ్గర నుంచి చూశాను.

ఇంటివారి సంగతులు రాస్తే ఏమనుకుంటారోనని భయం. రాయకుండా ఉండలేను.

రాయడం ఒక నిర్ణయం, అచ్చుకు ఇవ్వడం మరొక నిర్ణయం. రెండింటినీ ఒకేసారి తీసుకోబోయి చాలామంది మొదటిదాన్ని కూడా వదులుకుంటున్నారు. బాపు తాగుడు గురించైనా, అత్తగారింటి మాటల గురించైనా, ముందు ఎవరికీ చూపించనని ఒట్టు పెట్టుకొని పూర్తిగా రాయండి. ఆరు నెలల తర్వాత చదివి, ఏది కథకు అవసరమో, ఏది కోపానికి అవసరమో చూడండి. ఊరు, వృత్తి, పిల్లల సంఖ్య, జరిగిన ఏడాది మార్చవచ్చు. ఎవరినైనా గుర్తుపట్టి నష్టం జరిగే వీలుంటే ఇంకా లోతుగా మార్చాలి, లేదా ఆగాలి. ఆగడం కూడా పిరికితనం కాదు.

ఆడవారు ఈ ప్రశ్న అడిగినప్పుడు దాని బరువు వేరు. మగవాడు కథ రాస్తే కథ ఎట్లా ఉందని అడుగుతారు, ఆడమనిషి రాస్తే ఇది నీ కథేనా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదు. మారుపేరు కావాలంటే నిస్సంకోచంగా పెట్టుకోండి. వరంగల్ నుంచి వెలువడిన కాకతీయ పత్రికలో పి.వి. నరసింహారావు గారు, పాములపర్తి సదాశివరావు గారు జయ–విజయ అనే పేర్లతో రాశారు. ఆ పేర్ల వెనుక ఉన్నవారిలో ఒకరు తర్వాత దేశానికి ప్రధాని అయ్యారు.

గాయాల గురించి రాస్తే మనసు తేలికపడుతుందని అంటారు, అందులో నిజం ఉంది గానీ వెంటనే కాదు. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన సహపరిశోధకురాలితో కలిసి 1986లో ప్రచురించిన అధ్యయనంలో, విద్యార్థులు వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ జీవితంలోని బాధాకరమైన సంఘటన గురించి రాశారు. రాసిన రోజున వారి మనసు ఇంకా బరువెక్కింది, తర్వాతి నెలలలో వారు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. కాబట్టి అటువంటిది రాసిన సాయంత్రం ఒంటరిగా ఉండకుండా చూసుకోండి. రాస్తుంటే పాత సంఘటన మళ్లీ జరుగుతున్నట్టే కళ్లముందు నిలబడి, రోజుల తరబడి నిద్ర పట్టకుండా చేస్తే, ఆపి కౌన్సెలర్‌ను కలవండి. కథ ఎక్కడికీ పోదు.

సభలో చదవాలంటే కాళ్లు వణుకుతాయి.

నాకు వణికిన సంగతి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఇక్కడే ఒక సభలో కథ చదవడానికి లేచాను. కాగితాలకు పేజీ సంఖ్యలు వేసుకోలేదు. రెండో పేజీ తిప్పబోయి మూడూ నాలుగూ కింద పడ్డాయి. ఏరుకొని లేచేసరికి ఏది ముందో ఏది వెనుకో తెలియక, చచ్చిపోయిన ముసలాయనను మళ్లీ బతికించి పొలానికి పంపాను. ముందు వరుసలో ఒకాయన మెల్లగా ‘మంచిగైంది’ అన్నాడు. ఆ రాత్రి ఇంటికి పోయి ఇక సభలకు పోనని అనుకున్నాను, రెండేళ్లు పోలేదు కూడా. ఆ రెండేళ్లు వృథా.

అప్పటి నుంచి నేర్చుకున్నవి చెబుతాను. పేజీ సంఖ్యలు వేసుకోవాలి, అక్షరాలు పెద్దవిగా ఉండాలి, కాగితాల కింద పరీక్షల అట్ట పెట్టుకుంటే వణుకు కాగితానికి పాకదు. ఇంట్లో గొంతెత్తి కనీసం మూడుసార్లు చదవాలి, మొదటి రెండు వాక్యాలు కంఠతా రావాలి. ఆరేడు నిమిషాలకు మించిన భాగం ఎంచుకోవద్దు. చిన్న గుంపులో ఇద్దరు ముగ్గురి ముందు మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకోవాలి. బుగులు తగ్గేది ఎదుర్కొన్న లెక్కను బట్టే. సభకు ముందు మిత్రులు ‘ఇది వేసుకో, వణుకు తగ్గుతది’ అని ఇచ్చే మాత్రలు వేసుకోవద్దు. అందుకు వాడే ప్రొప్రనొలాల్ వంటివి ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం, వైద్యుడు రాస్తేనే వాడాలి.

రాత్రి టీ తాగుతూ మేల్కొంటేనే రాయగలను. దాని వల్ల ఆందోళన పెరుగుతుందా?

పెరుగుతుంది. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. అది కలిగించే దడను రాయబోతే వచ్చే దడగా పొరపడటం సులభం. సాహిత్య సభల తర్వాత జరిగే మందు కూటముల గురించి కూడా అడుగుతారు. ఆ పూట ధైర్యం వచ్చినట్టు ఉంటుంది, మరునాటి ఉదయం ఆందోళన రెట్టింపవుతుంది, ఆ సంగతి మంచి రచయితలను పోగొట్టుకున్న మన సాహిత్య లోకానికి వేరే చెప్పనక్కరలేదు.

మందులు వాడితే రాసే శక్తి పోతుందా? బాధ ఉంటేనే కదా రచన!

బాధ గురించి రాయడానికి బాధలో మునిగి ఉండాలన్నది నేను ఒప్పుకోని మాట. తీవ్రమైన ఆందోళనలో ఉన్న మనిషికి పక్కమనిషి ముఖం కనబడదు, పక్కమనిషి ముఖం కనబడకపోతే కథ ఉండదు. నేను చూసినంతలో చికిత్స తీసుకున్నవారు ముందుకన్నా ఎక్కువ రాశారు.

ఆందోళనకు మాటల ద్వారా చేసే చికిత్స, మందులు రెండూ ఉన్నాయి. ఆలోచనలను రాసుకొని, వాటికి ఉన్న ఆధారాలను పరీక్షించి, భయపడి తప్పించుకుంటున్నవాటిని కొద్దికొద్దిగా ఎదుర్కొనే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతి. మా రెండు భాగాల నోటుపుస్తకం దానికి దూరపు చుట్టం. మందులలో ఎస్.ఎస్.ఆర్.ఐ. రకానివి ఫలితం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి రోజులలో కొందరికి కడుపులో వికారం, కంగారు ఉండవచ్చు. మగతగా ఉండి రాయలేకపోతున్నానని అనిపిస్తే వైద్యుడికి చెబితే మోతాదో మందో మారుస్తారు. సొంతంగా ఒక్కసారిగా ఆపవద్దు. వెంటనే నెమ్మదింపజేసే అల్ప్రజొలామ్ వంటి మాత్రలు ఎక్కువ కాలం వాడితే అలవాటుగా మారతాయి, వాటిని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు.

ఎవరి దగ్గరికి పోవాలి? నలుగురికీ తెలుస్తుందేమో.

ఇంటి నుంచి కదలకుండా మాట్లాడాలంటే టెలి–మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఈ సేవ రాత్రింబవళ్లు, ఉచితంగా, తెలుగులో అందుతుంది. వరంగల్‌లో ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓ.పి. చీటీ రాయించుకొని చూపించుకోవచ్చు. మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉండటం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. అయినా వరుసలో తెలిసినవారు కనబడతారేమోనన్న సంకోచం ఉంటుంది. కనబడితే వారూ అందుకే వచ్చి ఉంటారు.

బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే ఈ పేజీ చదవడం ఆపి, ఇప్పుడే 14416కు గానీ, 108కి గానీ ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరిని లేపి పక్కన కూర్చోమనండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే వాటిని ఆ రోజే మరొకరి ఇంటికి తరలించమని చెప్పండి. మిత్రుడిలో ఆ సూచనలు కనబడితే నేరుగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు.

నాలుగు కథలు అచ్చయి, పేరొచ్చాక అనుమానం పోతుందా?

చాలామందికి రూపం మారుతుంది. ‘నాకు రాదు’ అన్నది పోయి ‘నాకు రాదని ఎప్పటికైనా కనిపెడతారు’ అన్నది వస్తుంది. 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చదువులో, ఉద్యోగంలో రాణించిన స్త్రీలను గమనించి, తమ విజయమంతా అదృష్టమో పొరపాటో అని నమ్మే ఈ తీరుకు ఇంపోస్టర్ ఫినామినన్ అని పేరుపెట్టారు. బహుమతి వచ్చిన రోజు న్యాయనిర్ణేతలు పొరపడ్డారని తోస్తే, అదే నోటుపుస్తకం తీసి ఎడమవైపు ఆ మాట రాసి, కుడివైపు పేజీ సంఖ్య కోసం చూడండి.

మొదట ఎవరికి చూపించాలి?

మీ మీద ప్రేమ గలవారికి కాదు, మీ మీద పోటీ గలవారికి కాదు, చదవడం మీద ప్రేమ గలవారికి చూపించాలి. ఇచ్చేటప్పుడు ‘ఎట్లుంది’ అని అడగవద్దు. ఎక్కడ ఆసక్తి తగ్గింది, ఎక్కడ అర్థం కాలేదు అని రెండే అడగండి. జవాబు వాక్యం మీద పడుతుంది, మీ మీద పడదు.

మీ గుంపుకు రావచ్చా? మొదటి రోజే చదవాలా?

ఎవరైనా రావచ్చు. మొదటి రోజు చదవాలన్న నియమం లేదు. రాసింది సంచిలో పెట్టుకొని వచ్చి, అట్లాగే తీసుకొనిపోయినవారు చాలామంది ఉన్నారు. నాలుగు గంటలకు మొదలవుతుంది, చీకటి పడేసరికి ముగుస్తుంది. ఎండాకాలంలో డాబా ఆరు దాకా కాలుతూనే ఉంటుంది కాబట్టి కింద వరండాలో కూర్చుంటాం.